సన్ టైప్ 5 కీబోర్డు మామూలు పీసీకి: ఆరేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర మా డీటీపీ షాపు. శుభలేఖలు, ప్రశ్నపత్రాలు, అర్జీలు రోజంతా కొడుతూనే ఉంటాం. ఆరేళ్లుగా ఈ పనంతా సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ వర్క్‌స్టేషన్ల (పెద్ద పనులకి వాడే కంప్యూటర్ల) టైప్ 5 కీబోర్డు మీదే. విశాఖలో పాత సామాన్ల కొట్లో చూసి మా బావమరిది తెచ్చాడు. "బావా, ప్లగ్గు గుండ్రంగానే ఉంది, మన పీసీకి పట్టేస్తుంది" అన్నాడు.

పట్టదు. పీసీ కీబోర్డులకి ఉండే పాత గుండ్రటి పీఎస్/2 ప్లగ్గుకి 6 పిన్నులు, దీనికి 8. చూడ్డానికి ఒకేలా ఉంటాయని తోస్తే పిన్ను వంగుతుంది. నాకు ఒకటి వంగింది, ట్వీజర్‌తో నిదానంగా సరిచేసుకున్నాను. తీగలు మార్చి కలిపినా లాభం లేదు, ఇది మాట్లాడే భాషే వేరు. సెకనుకు 1200 బిట్ల సీరియల్ సిగ్నల్, అదీ తలకిందులు: 0కి 5 వోల్టులు, 1కి సున్నా. కీ నొక్కితే ఒక నంబరు పంపుతుంది, వదిలితే దానికి 128 కలిపి పంపుతుంది, అన్నీ వదిలేస్తే 127.

అందుకని మధ్యలో దుబాసీ కావాలి. ఏటీమెగా32యూ4 చిప్పున్న ప్రో మైక్రో అనే చిన్న బోర్డులో టీఎంకే ఫర్మ్‌వేర్‌లోని (కీబోర్డుల కోసం రాసిన, చిప్పులో ఎక్కించే ప్రోగ్రాములోని) సన్ కన్వర్టర్ ఎక్కించాను. గ్రౌండు, 5 వోల్టులు, రెండు డేటా తీగలు, అంతే సోల్డరింగ్. సిగ్నల్ తిరగెయ్యడం ప్రోగ్రామే చూసుకుంటుంది. పీసీకి ఇది మామూలు యూఎస్‌బీ కీబోర్డే, డ్రైవర్ గొడవ లేదు. 1200 అంటే నెమ్మదేమో అని టెన్షన్ పడ్డాను. లెక్కేస్తే ఒక్కో నంబరుకి సుమారు 8 మిల్లీసెకన్లు, వేళ్లకి తెలియనే తెలియదు.

ఈ కీబోర్డు ప్రాణమంతా ఎడమ పక్క కీలలో ఉంది. అన్‌డూ, కాపీ, పేస్ట్, ఫైండ్, కట్ దేనికది విడిగా ఉంటాయి. వాటికి కంట్రోల్+సి, కంట్రోల్+వి లాంటివి కేటాయించాను. శుభలేఖలో పెళ్లికూతురి వైపు పేర్లు ఒకచోట తీసి ఇంకోచోట పెట్టాలంటే ఇప్పుడు ఒక్క వేలు చాలు. అంతకుముందు పెళ్లిళ్ల సీజన్‌లో సాయంత్రానికి ఎడమ మణికట్టు పీకేసేది. ఆ నొప్పి పోయింది, నాకు అదే పెద్ద లాభం.

తెలుగుకి మాత్రం ఒక చిక్కుంది. నాది యూనిక్స్ లేఅవుట్, అంటే కొన్ని కీలు మామూలు పీసీ కీబోర్డులో ఉన్నచోట ఉండవు. నేను తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ అమరికలో 'ఒ', దాని గుణింతం ఉండే కీ అంకె 1కి ఎడమ పక్కన ఉండాలి. ఇందులో అక్కడ ఎస్కేప్ ఉంది, ఆ కీ కుడి చివరికి పోయింది. ఏ డైలాగ్ బాక్సులోనో 'పొందూరు' అని కొట్టబోతే, 'ప' తర్వాత ఎస్కేప్ పడి ఆ బాక్సు కాస్తా మూసుకుపోయేది. ఆ రెండు కీలూ ఫర్మ్‌వేర్‌లోనే మార్చేశాను. ఎస్కేప్ చోట 'ఒ', పై మూలన ఉన్న హెల్ప్ కీకి ఎస్కేప్.

లోపల కీల కింద ఉన్నవి రబ్బరు డోములే (నొక్కితే అణిగే రబ్బరు బుడిపెలు). మెకానికల్ స్విచ్చుల టకటక కోసం కొనేవాళ్లకి నచ్చదు, నా చేతికి ఆ మెత్తదనమే హాయి. మన సముద్రపు తేమకి రెండో వానాకాలంలో పిన్నులకి చిలుము పట్టి కీబోర్డు మధ్యమధ్యలో ఆగిపోయింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టాక మళ్లీ దారిన పడింది. ఇప్పుడు ఏటా వానలకి ముందు ఓసారి తుడుస్తాను.

కొనేముందు ప్లగ్గు చూడండి. టైప్ 6లో యూఎస్‌బీ రకం కూడా ఉంది, టైప్ 7 యూఎస్‌బీయే. అవి దొరికితే ఈ సోల్డరింగ్ పనేమీ లేకుండా నేరుగా పెట్టుకోవచ్చు.