172 సెంటీమీటర్ల స్కీలు: నాలుగు శీతాకాలాల తర్వాత

కర్నూల్లో మా ఇంటి బీరువా మీద ఆరడుగుల సంచి ఒకటి పడుకుని ఉంటుంది. మొదటిసారి దాన్ని ఆటోలోంచి దించుతుంటే పక్కింటి భాయ్ అడిగాడు: "ఏందన్నా ఇవి, తెడ్లా? తుంగభద్రలో పడవ ఏసేదానికి నీళ్లేడున్నాయి?" స్కీలు అన్నాను. మంచు మీద జారేవి అన్నాను. బయట మంచి ఎండ. ఆయన నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సంక్రాంతి సెలవులకు ఇంకొన్ని రోజులు కలుపుకుని కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు స్కీయింగ్ కోసం వెళ్లడం నాకున్న ఒకే ఒక్క ఖరీదైన అలవాటు. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేదే శ్రీనగర్‌లో. "రోడ్డెక్కితే తిన్నగా అక్కడికే" అని ఇంట్లో చెప్పి ఒప్పించాను. నిజానికి ఆ రోడ్డు మీద నేను శంషాబాద్ దాకే పోతాను, అక్కడి నుంచి విమానం.

ఈ సమీక్ష నా రెండో జత గురించి. 172 సెం.మీ. పొడవు, నడుము దగ్గర, అంటే మధ్యలో సన్నబడే చోట, 88 మి.మీ. వెడల్పు, మలుపు వ్యాసార్థం (స్కీ పక్క వంపును పొడిగిస్తే వచ్చే వృత్తానిది) 15.5 మీటర్లు. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు అదే రూపంలో రాదు, పైగా రొసిన్యోల్, అటామిక్, సాలమన్, హెడ్ లాంటి కంపెనీలన్నీ ఇంచుమించు ఇవే కొలతల్లో ఒక్కో స్కీ తయారు చేస్తాయి. పేరుకన్నా ఈ మూడు అంకెలే ముఖ్యం. 2022 జనవరి నుంచి డైరీలో రాసుకున్న లెక్క ప్రకారం వీటి మీద 31 రోజులు నిలబడ్డాను. 2024 సంక్రాంతికీ మోసుకెళ్లాను గానీ ఆ జనవరిలో గుల్మార్గ్‌లో మంచే లేదు, గడ్డి కనిపిస్తోంది. సంచి జిప్పు కూడా తియ్యకుండా తిరిగొచ్చాను. ఆ ఏడు మంచు పడింది నా సెలవులు అయిపోయాక.

ముందు నా తప్పు చెప్పాలి, ఎందుకంటే ఈ 172 అక్కడి నుంచే వచ్చింది.

నేర్చుకున్నది 2017లో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో, అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ల ఏడు రోజుల కోర్సులో. అక్కడొక పాత శిక్షకుడు "చెయ్యి పైకెత్తు, మణికట్టు దాకా రావాలి స్కీ" అనేవాడు. అది ఆయన కుర్రతనం నాటి లెక్క. అప్పటి స్కీలు దాదాపు నిటారుగా ఉండేవి, రెండు మీటర్ల పైన ఉండేవి. 1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ ముందూ వెనకా వెడల్పు, మధ్యలో సన్నటి నడుము ఉన్న ఎస్‌సీఎక్స్ అనే స్కీ తెచ్చింది. స్కీని అంచు మీదకి వాల్చగానే ఆ వంపే మలుపు తిప్పేస్తుంది. ఆ తర్వాత అందరి స్కీలూ పొట్టివైపోయాయి. శిక్షకుడి చెయ్యి మాత్రం పైకెత్తే ఉంది, నా బుర్రలో ఆ మాట అలాగే ఉండిపోయింది.

2019లో గుల్మార్గ్‌లో మా హోటల్లో దిగిన ఒక విదేశీయుడు వెళ్లిపోతూ తన స్కీలు అమ్ముతానన్నాడు. 181 సెం.మీ., నడుము 98, లోపల లోహపు రేకులు, తోక బల్లపరుపు. ధర చూస్తే మన ఊరి సైకిల్ ధర. అమ్మేవాడు ఆరడుగుల రెండంగుళాల మనిషి, బరువు తొంభై పైనే. నేను ఐదడుగుల ఎనిమిదంగుళాలు, అప్పట్లో 78 కిలోలు. స్కీలు నా నెత్తి మీద జానెడు కాకపోయినా బెత్తెడు పైకి వచ్చాయి. పొడుగు స్కీ అంటే పెద్ద ఆటగాడి స్కీ అనుకున్నాను. అద్దెకిచ్చే కుర్రాడు "సార్, ఆప్ కే లియే లంబా హై" అని చెప్పాడు కూడా. వినలేదు.

వాటితో తిన్నగా దిగడం బ్రహ్మాండంగా ఉండేది, రైలు పట్టాల మీద పోయినట్టు. మలుపు తిప్పాల్సి వచ్చినప్పుడే తెలిసేది. గొండోలా (తీగల మీద నడిచే రోప్‌వే) మొదటి దశ ఆగే కొంగ్డూరి నుంచి కిందికి దిగేటప్పుడు చెట్ల మధ్య దారి సన్నబడే చోట, స్కీ ముక్కు ఒకవైపు తిరిగింది, తోక తిరగలేదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ విడిపోయింది కాబట్టి మోకాలు మిగిలింది. మూడు వారాలు కుంటుతూ పాఠాలు చెప్పాను. సెకండియర్ పిల్లలు "సార్, ఘర్షణ గుణకం ఎంత?" అని అడిగారు.

సిగ్గుపడాల్సింది మోకాలి గురించి కాదు. భ్రమణ జడత్వం చెప్పి జీతం తీసుకునేవాణ్ని నేను, ఆ లెక్క స్కీ కొనేముందు వేసుకోలేదు. కర్రను మధ్యలో పట్టి తిప్పితే దాని జడత్వం పొడవు వర్గంతో పెరుగుతుంది. వెడల్పూ మందమూ అవే ఉంచి పొడవు పెంచితే బరువు కూడా పెరుగుతుంది కాబట్టి మొత్తం మీద ఘనంతో పెరిగినట్టు. 172కీ 181కీ పొడవులో తేడా ఐదు శాతం. తిప్పడానికి పడే శ్రమలో దాదాపు పదహారు శాతం. దుకాణంలో నిలబెట్టి చూస్తే కనిపించేది ఆ తొమ్మిది సెంటీమీటర్లే. వాలు మీద కాలికి తగిలేది ఈ పదహారు. నా పాత జతకు దీని మీద లోహం, వెడల్పు అదనం.

అయితే పొట్టివి తీసుకుంటే సరిపోయేదా? అదీ కాదు. 2020లో అద్దెకు 160 సెం.మీ. జత తీసుకుని చూశాను. నా ముక్కు దాకా వచ్చాయి, సైజు పట్టికల ప్రకారం నాబోటివాడికి సరైనవే. మొదటి రోజు హాయిగా ఉన్నాయి. రెండో రోజు కాస్త వేగం అందుకోగానే కాళ్ల కింద వణుకు. మధ్యాహ్నానికి జనం తొక్కి గడ్డలు గడ్డలుగా చేసిన మంచులో ప్రతి గడ్డా మోకాలికి చెప్పి మరీ వెళ్లేది. స్కీకి మనిషి ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది. ఎత్తును బట్టి గడ్డం నుంచి నెత్తి దాకా అని పట్టిక ఒక మేర చెబుతుంది, ఆ మేరలో పైకి పోవాలా కిందికి రావాలా అన్నది బరువు, నేర్పు, స్కీ ఆకారం తేల్చాలి. నా ఎత్తే ఉండి 60 కిలోలున్న మనిషికి 165 చాలు. మా ఆవిడ 157 సెం.మీ., 55 కిలోలు, అద్దెకు 149 తీసుకుంటుంది, ఇంతవరకు ఒక్కసారి కూడా పొడవు గురించి మాట్లాడలేదు. నా గురించే మాట్లాడుతుంది.

ఆకారం అన్నాను. రెండు స్కీల అడుగులు ఒకదానికొకటి ఆనించి పట్టుకుంటే సంగతంతా కనిపిస్తుంది. మధ్యలో వెలుతురు కనిపించేంత సందు ఉంటే అది క్యాంబర్, మన బరువు పడగానే అణిగి అంచును మంచులోకి నొక్కుతుంది. ముక్కు దగ్గర రెండూ ముందుగానే విడిపోతే అది రాకర్. నా 172 జతలో ముక్కు వైపు జానెడుకు పైగా పొడవున, తోక వైపు కొద్ది మేర ఇలా లేచి ఉంటుంది. కాబట్టి చదునైన గట్టి మంచు మీద నిలబడితే నిజంగా తాకే భాగం ఒకటిన్నర మీటరు కూడా ఉండదు. అందుకే నెత్తి దాకా వచ్చే స్కీ అయినా పొట్టిదానిలా తిరుగుతుంది. పాత 181లో రాకర్ దాదాపు లేదు, ఉన్న పొడవంతా పొడవే. అంకె చూసి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. కంపెనీలు పొడవు కొలిచే పద్ధతిలోనూ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా ఉంటుంది, దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

సరే, ఈ జత ఎలా ఉంది? 2021 చివర్లో అమెరికా నుంచి వస్తూ మా బావమరిది తెచ్చాడు. "బావా, ఇంకోసారి ఇంత పొడుగు సామాను అడిగితే నేను రాను" అన్నాడు. బైండింగులతో కలిపి అరవై వేలు దాకా అయింది.

పొద్దున్నే, రాత్రి చలికి గట్టిపడిన మంచు మీద ఇవి బాగా పట్టుకుంటాయి, అంచులు పదునుగా ఉంచుకున్నంతవరకు. మధ్యస్థమైన వేగంలో మలుపు తర్వాత మలుపు అనుకోకుండానే వచ్చేస్తుంది. అలిసిపోయిన సాయంత్రం కూడా తోక మాట వింటుంది, నాలాంటి ఏడాదికి పది రోజులవాడికి అది చాలా పెద్ద విషయం. మొదటి రెండు రోజులు కాళ్లు అలవాటు పడటానికే పోతాయి కదా.

నచ్చనివి రెండు. గట్టిగా వేగం తీసుకుంటే ముక్కులు టపటపా కొట్టుకుంటాయి, ఆ సమయంలో పాత 181 గుర్తొస్తుంది. రెండోది, మోకాలి లోతు కొత్త మంచు. గుల్మార్గ్‌కు జనం ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేది ఆ మంచు కోసమే. గొండోలా రెండో దశ అఫర్వాత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదుల్తుంది, అక్కడి నుంచి దిగే వాలు ఏదీ చదును చేసినది కాదు. అలాంటి చోట 88 నడుము తేలదు, మునుగుతుంది. ముక్కు మునిగితే మనమూ ముందుకు పడతాం. అఫర్వాత్ మీదే తిరగాలనుకునేవాళ్లు వంద దగ్గర నడుము, ఒక సైజు ఎక్కువ పొడవు చూసుకోవాలి, అది కూడా గైడుతో, మంచు చరియల కింద చిక్కుకుంటే వెతకడానికి పనికొచ్చే ట్రాన్సీవర్, పార, ప్రోబ్ కర్ర పెట్టుకుని. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. నేను ఎక్కువగా మొదటి దశ కిందే తిరుగుతాను, అక్కడికి 88 ఎక్కువే గానీ తక్కువ కాదు.

ఇలాంటి స్కీలకు కంపెనీలు పెట్టే ఆల్ మౌంటెన్ అనే పేరు విని కొండంతా మనదే అనుకోవద్దు. ఏ మంచులోనూ పూర్తిగా పనికిరాకుండా పోని స్కీ అని అర్థం చేసుకుంటే చాలు. ఎండాకాలం మామిడికాయ పప్పులాంటిది, విందు కాదు గానీ రోజూ తినొచ్చు.

బూట్ల సంగతి. ఇవి సరిగా లేకపోతే పొడవు గురించి చర్చ దండగ. స్కీ బూటు సైజు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది, నాది 26.5. మామూలు చెప్పుల్లా వేళ్లకు ఖాళీ ఉంచుకుని తీసుకుంటే లోపల కాలు ఈదుతుంది, మీరు కాలు తిప్పినా స్కీ తిరగదు. నేను ముందు బూట్లు కొని, రెండేళ్లు స్కీలు అద్దెకు తీసుకుని ఉంటే ఆ మోకాలి ముచ్చట ఉండేది కాదేమో. బైండింగ్ విడిపోయే అంకె మాత్రం సొంతంగా తిప్పకండి. బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు అడుగు పొడవు అన్నీ చూసి పెట్టేది అది. నాది 5 మీద పెట్టారు, నేను నాలుగు కిలోలు పెరిగాక మళ్లీ చూపించుకున్నాను.

కర్నూల్లో వీటిని కాపాడటం వేరే కథ. మా ఇంట్లో నేలంతా బేతంచెర్ల బండలు. మొదటి వర్షాకాలం స్కీలను గోడకు ఆనించి బండ మీదే నిలబెట్టాను, చెమ్మకి తోక వైపు అంచులు ఎర్రగా తుప్పు పట్టాయి. అందుకే బీరువా మీదకు ఎక్కాయి. రెండింటినీ తాడుతో బిగించి కట్టకూడదు, ఆ వంపు అణిగిపోతుంది. తిరిగొచ్చాక అడుగు తుడిచి, ఆరబెట్టి, మైనం దట్టంగా పూసి, అంచుల మీదకు కూడా పాకనిచ్చి, గీకకుండా అలాగే వదిలేస్తాను. మళ్లీ డిసెంబరులో గీకుతాను. మైనం కరిగించడానికి ఇస్త్రీపెట్టె పాతది, ఆవిరి రంధ్రాలు లేనిది కావాలి. మైనం పొగ వస్తోందంటే వేడి ఎక్కువైందని. ఒకసారి మే నెలలో మిద్దె మీద ఈ పని పెట్టుకున్నాను, మైనం గట్టిపడటానికి సాయంత్రం దాకా కాచుక్కూర్చోవాల్సి వచ్చింది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం స్కీలు వదలొద్దు, పొరలను అతికించిన జిగురుకు ఆ వేడి మంచిది కాదు.

మోత సంగతి కూడా చెప్పాలి. స్కీలు, బైండింగులు కలిపి ఆరు కిలోల దాకా, బూట్లు ఇంకో నాలుగు. విమానంలో 15 కిలోల సామానులో ఇవే పది తినేస్తాయి, కాబట్టి స్వెట్టర్లన్నీ ఒంటి మీదే. జనవరి మధ్యాహ్నం కర్నూలు బస్టాండులో రెండు స్వెట్టర్లతో నిలబడి చూడండి. తంగ్‌మర్గ్ నుంచి పైకి 13 కిలోమీటర్లు, మంచు పడితే గొలుసులు కట్టిన బండి ఎక్కాలి, ఆరడుగుల సంచి దాని కప్పు మీద.

డబ్బు లెక్కలో నాకింకా గిట్టలేదు. గుల్మార్గ్‌లో మంచి జత అద్దెకు నేనిచ్చింది రోజుకు పదిహేను వందలు. నలభై రోజులు దాటితే గానీ అరవై వేలు తిరిగి రావు. ఇంకా తొమ్మిది రోజుల బాకీ. ఎడమ స్కీ అడుగున రాయి గీసిన గాడి ఒకటి ఉంది, పూడ్పించాలి. దాని ఖర్చు కలిపితే పది రోజులు.

మళ్లీ కొనాల్సి వస్తే? ఇదే స్కీ, దీని తర్వాతి సైజు 179 పక్కపక్కన పెట్టినా 172కే చెయ్యి పోతుంది. వేగంలో ఆ టపటప భరిస్తాను.

ఈ సంక్రాంతికి మా కెమిస్ట్రీ సార్ కూడా వస్తానంటున్నాడు. ఆరడుగుల మనిషి, 92 కిలోలు, ఔలీలో రెండుసార్లు నేర్చుకున్నాడు. "మీవి ఒక రోజు నాకిస్తారా సార్?" అన్నాడు. బైండింగ్ ఆయన బూటుకు సరిపెట్టి లేదు, పొడవూ చాలదు, అక్కడే 178, 180 దగ్గర అద్దెకు తీసుకోండి అన్నాను. నొచ్చుకున్నాడేమో అని పొద్దున నా బూట్ల సంచి ఇచ్చి పంపాను. అది మాత్రం ఎవరికైనా సరిపోతుంది.