అరకు హోంస్టే: అడ్వాన్స్ తీసుకున్న తీరు, తిరిగి ఇచ్చిన తీరు

అరకులో మేము దిగిన హోంస్టే గురించి రాస్తున్నాను గానీ, గది ఎలా ఉంది, టిఫిన్ ఏం పెట్టారు అన్నది చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. ముందు డబ్బు సంగతి చెప్పాలి. ఎందుకంటే వాళ్ళ దగ్గర మేము రెండుసార్లు బుక్ చేశాం, మొదటిసారి ప్రయాణమే రద్దయింది, రెండోసారి మూడు గదుల్లో ఒకటి ఆఖరి నిమిషంలో వదులుకున్నాం, అయినా ఒక్క రూపాయి కోసం కూడా వాళ్ళ వెంట పడాల్సిన అవసరం రాలేదు. పేరు మాత్రం రాయను. ఉన్నవే నాలుగు గదులు, చూసుకునేది భార్యాభర్తలు ఇద్దరే, ఫోన్లు ఎక్కువైతే ఎత్తలేమని వాళ్ళే రాయొద్దన్నారు.

నా భయం ఎక్కడిదో కూడా చెప్తాను. రెండేళ్ల కిందట ఇంకో కొండ ఊళ్ళో ఒక వెబ్‌సైట్ ద్వారా గది తీసుకుని ఆరు వేలు ముందే కట్టేశాం. బయల్దేరే ముందు రోజు అత్తయ్యగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. లాడ్జికి ఫోన్ చేస్తే వెబ్‌సైట్ వాళ్ళని అడగమన్నారు, వెబ్‌సైట్ వాళ్ళేమో లాడ్జి ఒప్పుకోవాలన్నారు, ఆసుపత్రి వరండాలో కూర్చుని మూడు రోజులు నాకు ఇదే పని. బుకింగ్ పేజీలో బాగా కింద, చిన్న అక్షరాల్లో 'నాన్ రిఫండబుల్' అని ఉందట. చివరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక సగం వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి ఎవరు అడ్వాన్స్ అడిగినా నాకు టెన్షనే.

2025 అక్టోబరులో తమ్ముడు అమెరికా నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చాడు. 28, 29 తేదీల్లో రెండు రాత్రులు అరకులో ఉందామనుకుని, తెలిసినవాళ్ళు ఇచ్చిన నెంబరుకి ఫోన్ చేశాను. ఇంటాయన రిటైరైన టీచరు, ఊళ్ళో అందరూ మాస్టారు అనే పిలుస్తారు. గది రాత్రికి 2,500, రెండు గదులు రెండు రాత్రులకి పది వేలు, అందులో మూడు వేలు అడ్వాన్స్ అన్నారు. నేను వెంటనే పంపేస్తానంటే ఆయనే ఆపారు. "ఇప్పుడే పంపకండమ్మా, నేను వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెడతాను, ఇంట్లో అందరూ వినండి, సరే అనుకుంటేనే పంపండి" అన్నారు.

ఆ మెసేజ్ నిమిషం కూడా లేదు. వారం ముందు చెప్తే అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తారు, మూడు రోజుల ముందు దాకా చెప్తే సగం ఇస్తారు లేదా తేదీ మార్చుకోవచ్చు, ఆ తర్వాత చెప్తే డబ్బు రాదు, అయితే ఖాళీ అయిన గదిని ఇంకెవరైనా తీసుకుంటే అప్పుడు మన డబ్బు మనకే. తుఫాను వచ్చినా, ఘాట్ రోడ్డు మూసేసినా, రైలు ఆగిపోయినా ఏ రోజు చెప్పినా మొత్తం వాపసు. అంతే. మా అమ్మకి డెబ్భై దాటాయి, ఒక్కసారి విని అర్థం చేసుకుంది. పది పేజీల నిబంధనలు రాసి కింద టిక్ పెట్టించుకునే పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఈ ఒక్క పని ఎందుకు చేయలేకపోతున్నాయో నాకు నిజంగా అర్థం కాదు.

మూడు వేలు పంపిన పావుగంటకి ఒక ఫోటో వచ్చింది. డైరీలో 28వ తేదీ పేజీ, నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాలు: 'రెండు గదులు, ఏడుగురు, పెద్దవాళ్ళున్నారు, కింది గది ఇవ్వాలి. అడ్వాన్స్ 3,000 ముట్టింది. రావలసింది 7,000.' కింద వాయిస్ మెసేజ్‌లో చెప్పిన షరతులే నాలుగు లైన్లు. ఇదే రసీదు. నాకు చాలు.

ఆ తర్వాత మొంథా తుఫాను సంగతి అందరికీ తెలిసిందే. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. దానికి రెండు రోజుల ముందే, 26న ఆదివారం పొద్దున్న, మేము ఇంకా వెళ్దామా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే మాస్టారే ఫోన్ చేశారు. "అమ్మా, రావద్దు. కొండ మీద వాన పడితే రాళ్ళు జారతాయి, పిల్లలతో ఇరుక్కుపోతారు. డబ్బు పంపించేస్తున్నాను, తేదీ మార్చుకుంటానంటే ఉంచుతాను" అన్నారు. తమ్ముడికి సెలవు అయిపోతోంది కాబట్టి డబ్బే పంపమన్నాం. ఇరవై నిమిషాల్లో మూడు వేలూ వచ్చాయి, వెనకే అదే డైరీ పేజీ ఫోటో, ఈసారి అడ్డంగా ఒక గీత, పక్కన 'తుఫాను, 3,000 తిరిగి పంపాం'. మేము ఎక్కాల్సిన విశాఖ-కిరండూల్ పాసింజరు కూడా ఆ తర్వాత రద్దయింది.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి, ఎందుకంటే అడ్వాన్స్ అడగడమే తప్పన్నట్టు మాట్లాడేవాళ్ళని చూశాను. తప్పు కాదు. నాలుగు గదుల ఇంటికి డిసెంబరులో ఒక శనివారం ఒక గది ఖాళీగా పోతే ఆ రోజు ఆదాయంలో పావలా వంతు పోయినట్టే, పెద్ద హోటల్‌కి అది లెక్కలోకే రాదు. జనవరిలో వెళ్ళినప్పుడు మాస్టారి భార్య వంటింట్లో అల్లం దంచుతూ చెప్పింది, మొదట్లో వాళ్ళు నోటి మాట మీదే గదులు ఉంచేవాళ్ళట. ఒకే కుటుంబం మూడు చోట్ల గదులు చెప్పి, ఏది నచ్చితే అక్కడ దిగి, మిగతా ఇద్దరికీ ఫోన్ కూడా చేయకపోవడం ఎన్నోసార్లు జరిగిందట. తెచ్చిన కోళ్ళు, కూరగాయలు ఏం చేసుకోవాలి? వచ్చినవాళ్ళని గదుల్లేవని వెనక్కి పంపేసి, రాత్రి తొమ్మిదింటి దాకా గేటు దగ్గర లైటు వేసి కూర్చున్న రోజులున్నాయంది. అడ్వాన్స్ పెట్టినప్పటి నుంచి ఆ బాధ తగ్గిందట.

కాబట్టి గొడవ అడ్వాన్స్‌తో కాదు, గది ఇంకొకరికి ఇచ్చేసి కూడా మన డబ్బు ఉంచేసుకోవడంతో. మా బంధువుల్లో ఒక లాయరు గారు చెప్పారు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా, మాట తప్పినప్పుడు కోర్టు న్యాయంగా ఉన్నంత పరిహారమే ఇప్పిస్తుంది, రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమేనని. మాస్టారు ఆ సెక్షన్ చదివారో లేదో తెలియదు గానీ ఆయన పద్ధతి సరిగ్గా అదే.

అది కళ్ళారా చూసింది జనవరిలో. రిపబ్లిక్ డే సోమవారం వచ్చింది కదా, 24, 25 రాత్రులకి ఈసారి మా వదిన వాళ్ళతో కలిపి మూడు గదులు చెప్పి 4,500 పంపాం. 23 సాయంత్రం వాళ్ళ బాబుకి జ్వరం, రాలేమన్నారు. షరతు ప్రకారం ఆ గది తాలూకు 1,500 పోయినట్టే, నేను అడగను కూడా అడగలేదు, గది వద్దని మాత్రం చెప్పాను. మర్నాడు మేము బొర్రా గుహల దగ్గర కారు పార్కింగులో పిల్లలకి బొంగు చికెన్ కొనిపెడుతుంటే ఫోన్ మోగింది, 1,500 జమ అయిందని. శ్రీకాకుళం నుంచి ఒక జంట గది కోసం వస్తే ఇచ్చారట. లాంగ్ వీకెండ్‌లో గది ఎలాగూ నిండుతుంది, ఆయన ఊరుకున్నా మేము అడిగేవాళ్ళం కాదు.

లోపాలు కూడా రాస్తాను. డబ్బు పంపేటప్పుడు ఫోన్‌పేలో మాస్టారి పేరు రాదు, ఆయన భార్య పేరు వస్తుంది. హోటళ్ల పేర్లతో దొంగ నెంబర్లు పెట్టి అడ్వాన్స్‌లు కొట్టేస్తున్న రోజులివి, కొత్తవాళ్ళకి ఇది చూస్తే గుండె గుభేలుమంటుంది. నేనైతే వీడియో కాల్ చేయించి ఇల్లు, గేటు, ఇద్దరినీ చూశాకే పంపాను, మీరు కూడా ఎక్కడైనా అలాగే చేయండి. వాపసు ఇస్తామంటూ ఎవరైనా పిన్ కొట్టమంటే అది మోసమే, మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్‌తో పనే లేదు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. దుకాణాల్లో ఉండేలాంటి క్యూఆర్ హోంస్టే పేరుతో తీసుకోమని మాస్టారికి చెప్పాను. కార్డు తీసుకోరు. పేమెంట్ గేట్‌వే పెడితే కమీషన్ పోతుంది, డబ్బు తిరిగి పంపినా ఆ కమీషన్ తిరిగి రాదు, వారం ముందు చెప్తే మొత్తం ఇస్తామన్న మాటకి చేతి డబ్బు పెట్టుకోవాలి అన్నారు. అది నిజమే. ఇంకొకటి, వాళ్ళింటి దగ్గర సిగ్నల్ సరిగ్గా అందదు, పగటిపూట మెసేజ్ పెడితే జవాబు సాయంత్రానికి వస్తుంది. తొందరలో ఉన్నవాళ్ళకి ఇది ఇబ్బందే.

గదులు చిన్నవి, శుభ్రంగా ఉన్నాయి. రాత్రి చలికి రెండేసి రగ్గులు ఇచ్చారు. వేడినీళ్ళు పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా మాత్రమే. పెరట్లో కాఫీ మొక్కలు, వాటి గింజలే వేయించి పొడి కొట్టి ఇచ్చిన కాఫీ, రాగి జావ బాగున్నాయి. చికెన్‌లో కారం ఎక్కువ, పిల్లలుంటే ముందే చెప్పాలి.

మళ్ళీ నవంబరులో వలిసె పూలు విచ్చుకునే రోజులకి రెండు గదులు చెప్పాం, తమ్ముడు అప్పటికి వస్తానన్నాడు. నిన్న సాయంత్రం మూడు వేలు పంపాను. రాత్రి ఎనిమిదింటికి డైరీ పేజీ ఫోటో వచ్చింది, ఈసారి కింద కొత్తగా ఒక లైను: 'పిల్లలకి కారం తక్కువ.'