నాలుగు ఎండాకాలాలు చూసిన మిద్దెతోట: ఏ సామాను నిలిచింది, ఏది నిలవలేదు

హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నాలుగేళ్లుగా ఆపకుండా వాడుతున్న సామాను గురించి ఈ సమీక్ష: హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్ అల్లిక) గ్రో బ్యాగులు, ట్యాంకు నీటితో నడిచే డ్రిప్, సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్. బ్యాగులు పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేశాయి. డ్రిప్ కిట్టు మాత్రం పెట్టెలోంచి తీసి బిగించినట్టే ఉంచితే పనికి రాలేదు.

బ్యాగు సైజు ఎంచుకునే ముందు బరువు లెక్క వేయాలి. భవనాలు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే డాబాకు లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 24 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున్న గుండ్రటి బ్యాగులో పైన అంగుళం వదిలినా 80 లీటర్ల మిశ్రమం పడుతుంది. వట్టి ఎర్రమట్టి నింపి తడిపితే అది 140 కిలోలకు చేరుతుంది. కోకోపీట్, ఎరువు కలిపితే 90 దగ్గర ఆగుతుంది. ఆ 90 కిలోలకు కూడా ఒక్కో బ్యాగు వంతుకు 0.6 చదరపు మీటరు స్థలం రావాలి. అంటే బ్యాగు ఆక్రమించే చోటుకు రెట్టింపు. అందుకే నిమ్మ, జామ, కరివేపాకు లాంటివాటి పెద్ద బ్యాగులు కింద బీములున్న గోడల వెంబడే పెట్టాలి. స్లాబు నడిమధ్య ఆరంగుళాల లోతు ఆకుకూరల ట్రేలు చాలు. పాత బిల్డింగ్ అయితే ఇంజనీరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు. టెర్రస్ అందరిదీ కాబట్టి అసోసియేషన్ అనుమతి కాగితం మీదే తీసుకోండి.

ఒక్క బ్యాగు ఎక్కించకముందే వాన నీటి గొట్టాలకు గుడ్డ కుక్కి, అంగుళం నీళ్లు 48 గంటలు నిలబెట్టి, పై అంతస్తు సీలింగ్ చూడాలి. బ్యాగులు పెట్టాక బయటపడిన లీకు ఎక్కడిదో వెతకడం నరకం. బ్యాగుల కింద స్టాండు ఉండాలి, కాళ్ల కింద టైల్ ముక్క వేయాలి. లేకపోతే కాలు వాటర్‌ప్రూఫ్ పూతలోకి దిగుతుంది.

220 జీఎస్ఎం (చదరపు మీటరుకు 220 గ్రాముల మందం) బ్యాగుల గుడ్డ ఇప్పటికీ గట్టిగానే ఉంది. ముందు పోయినవి పిడులు, అదీ పడమటి ఎండ తగిలే వైపు. అక్కడ కుట్టుదారం గోటితో గీరితే పొడిగా రాలుతుంది. నిండిన బ్యాగును పిడి పట్టి లాగకండి. చవగ్గా దొరికే పల్చటి ప్లాస్టిక్ కవర్లు రెండో వేసవికే మడత దగ్గర చీలాయి, వాటి జోలికి పోవద్దు.

ఇక డ్రిప్. డ్రిప్పర్ మీద గంటకు 4 లీటర్లు అని రాసేది ఒక బార్ పీడనం దగ్గరి మాట. డ్రిప్పర్లకు రెండు మీటర్ల ఎత్తులో ఉన్న ట్యాంకు ఇచ్చేది 0.2 బార్. అప్పుడు గంటకు 1.8 లీటర్లు మించి రాదు. పీడనం మారినా ఒకే మోతాదులో నీళ్లిచ్చే ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం ఇంత తక్కువ పీడనంలో సరిగ్గా పనిచేయదు. తిప్పి సర్దుకునే మామూలు డ్రిప్పర్లు తీసుకుని, ఒక్కో బ్యాగుకు రెండు పెట్టి, 16 ఎంఎం పైపు చివరలు కలిపి రింగులా మూసేస్తే చివరి బ్యాగుకూ నీళ్లు అందుతాయి. టైమర్ కొనేటప్పుడు బాల్ వాల్వ్ రకమేనా అని అడగండి. కరెంటు అయస్కాంతంతో పనిచేసే సోలినాయిడ్ వాల్వ్‌లలో చాలావాటికి తెరుచుకోవడానికే పీడనం కావాలి. ఈ పైపులు, జాయింట్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో విడిగా దొరుకుతాయి, కిట్టు కొనక్కర్లేదు.

బోరు నీళ్లతో వచ్చే తంటా వేరు. డ్రిప్పర్ మూత విప్పి చూస్తే లోపలి సన్నటి గాడి నిండా తెల్లటి సున్నం ఉంటుంది. 120 మెష్ ఫిల్టర్ ఇసుకను ఆపుతుంది, నీళ్లలో కరిగిన సున్నాన్ని ఆపలేదు. రెండు నెలలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టాల్సిందే. అదే నీటివల్ల మట్టిలో క్షారం పెరిగి మొక్కకు ఇనుము అందదు. లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అదే కారణం. యూరియా వేస్తే తగ్గదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట వారానికోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

మిశ్రమం: ఎర్రమట్టి, కడిగిన కోకోపీట్, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో, పెద్ద బ్యాగుకు అర కిలో వేపపిండి. కోకోపీట్ కడగడం మానొద్దు, అందులోని ఉప్పుకు నారు ఆకుల అంచులు మాడతాయి. నల్లరేగడి వద్దు, అది నీళ్లు దిగనివ్వదు. ఏడాదికి మట్టి రెండు మూడు అంగుళాలు కుంగుతుంది. మృగశిర కార్తెకు ముందే పైన ఎరువు నింపితే బీర, సొర, కాకర గింజలకు సరిగ్గా సరిపోతుంది.

షేడ్ నెట్ మార్చి మొదట్లో కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో అది లేకపోతే పాలకూర, కొత్తిమీర నిలవవు. అయితే మే నెల గాలిదుమారానికి బిగుతుగా కట్టిన నెట్ తెరచాపలా ఉబ్బి ఇనుప పైపులనే వంచేస్తుంది. ఒక అంచును తాడుతో కాకుండా ప్లాస్టిక్ క్లిప్పులతో పట్టించండి, గాలి ఎక్కువైతే క్లిప్పు ఊడుతుంది, పైపు మిగులుతుంది. నెట్ కింద టమాటా పూసినా కాయ పట్టదు. రాత్రి వేడికే పూత రాలిపోతుంది కాబట్టి ఏప్రిల్ చివరికి ఆ మొక్కలు పీకేసి బెండ, గోరుచిక్కుడు వేసుకోండి. వాటిని నెట్ బయటే ఉంచొచ్చు.