డెత్ నోట్: మూసిన నోటి వెనక మాటలు

37 ఎపిసోడ్ల ఈ జపనీస్ యానిమే (యానిమేషన్) సిరీస్‌లో కొట్లాటలు తక్కువ. పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోయే నోట్‌బుక్ లైట్ అనే కుర్రాడికి దొరుకుతుంది, లోకం కిరా అని పిలిచే ఆ హంతకుణ్ణి పట్టుకోవడానికి ఎల్ అనే డిటెక్టివ్ వస్తాడు. ఇద్దరు తెలివైన కుర్రాళ్లు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతారు, టెన్నిస్ ఆడతారు, ఒకడు కేకు తింటుంటే రెండోవాడు వాడివైపు చూస్తుంటాడు. అసలు యుద్ధమంతా మనసులో మాటల్లోనే నడుస్తుంది. తెర మీద ముఖం కదలదు, పెదవులు కలిసే ఉంటాయి, గొంతు మాత్రం నిమిషాల తరబడి లెక్కలు వేస్తూనే ఉంటుంది. అందుకే డెత్ నోట్‌లో వాయిస్ యాక్టింగ్ బొమ్మకు తోడుగా వచ్చేది కాదు, చాలా సీన్లలో జరుగుతున్నది అదొక్కటే. జపనీస్, ఇంగ్లిష్ ఆడియోలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడదగ్గ సిరీస్ ఇది. ముందే చెప్పేస్తున్నాం, కింద స్పాయిలర్లు ఉన్నాయి, చివరి ఎపిసోడ్ దాకా.

జపాన్‌లో ఇది 2006 అక్టోబరు నుంచి 2007 జూన్ దాకా నిప్పన్ టీవీలో వచ్చింది. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది, దర్శకుడు తెత్సురో అరాకి. లైట్ యాగమికి గొంతిచ్చిన మమోరు మియానో వయసు అప్పటికి ఇరవై మూడేళ్లు. అతను చేసిన పని తేలిగ్గా కనిపిస్తుంది గానీ కాదు. లైట్‌కి మూడు గొంతులున్నాయి. ఇంట్లో, కాలేజీలో వినిపించే మర్యాదస్తుడి గొంతు ఒకటి, మనసులో వినిపించేది ఇంకొకటి. 17వ ఎపిసోడ్ నుంచి 24 దాకా, నోట్‌బుక్ వదులుకోవడంతో దాని జ్ఞాపకం పోయిన లైట్‌ది మూడోది. మొదటిదానికీ మూడోదానికీ తేడా పట్టుకోవడంలోనే మియానో పనితనం తెలుస్తుంది. రెండూ మంచిపిల్లాడి గొంతులే. కానీ మొదటిదాంట్లో ప్రతి వాక్యం చివర కొంచెం బిగింపు ఉంటుంది, తూకం వేసి వదిలినట్టు. జ్ఞాపకం పోయాక ఆ బిగింపు ఉండదు. గొంతు కాస్త పైకి లేస్తుంది, ఊపిరి బయటికి వినపడుతుంది, మాట తడబడితే తడబడనిస్తాడు. 24వ ఎపిసోడ్‌లో హెలికాప్టర్‌లో నోట్‌బుక్ చేతికి తగలగానే పెద్ద అరుపు. ఆ అరుపు ఆగిన వెంటనే మనసులో మాట పాత బిగింపుతో తిరిగి వస్తుంది. మనిషి మారిపోయాడని బొమ్మ కన్నా ముందు చెవికి తెలుస్తుంది.

అరుపుల కన్నా కూడా మియానోని అంచనా వేయడానికి 7వ ఎపిసోడ్ చివరి సీన్ చూడాలి. కిరాని వెతుకుతూ, పేరు మార్చి చెప్పిన నవోమి మిసోరా దగ్గర లైట్ తీయగా మాట్లాడి అసలు పేరు రాబడతాడు. గడియారం మాటిమాటికీ ఎందుకు చూస్తున్నావని ఆమె అడిగితే, తనే కిరా కాబట్టి అంటాడు. అక్కడ గొంతు పెంచడు. విలన్ నవ్వు కూడా కలపడు. అప్పటిదాకా మాట్లాడిన స్నేహపు గొంతుతోనే, అదే వేగంతో చెప్పేస్తాడు. ఒళ్లు జలదరించేది అందుకే.

చిప్స్ సీన్ గురించి వేరే చెప్పక్కర్లేదేమో. 8వ ఎపిసోడ్‌లో గది నిండా కెమెరాలుంటే, చిప్స్ ప్యాకెట్‌లో చిన్న టీవీ దాచి, కుడిచేత్తో లెక్కలు చేస్తూ ఎడంచేత్తో పేర్లు రాసే సీన్. ఇంటర్నెట్ మొత్తం దాన్ని జోక్ చేసేసింది. నిజానికి ఆ అతి తెలిసి చేసినదే. చిప్ తీసుకుని నమలడాన్ని యుద్ధప్రకటనలా పలకకపోతే సీన్ నిలబడదు.

ఎల్‌కి గొంతిచ్చిన కప్పేయి యమగుచి అప్పటికే జపాన్‌లో గోలగోలగా అరిచే కుర్ర పాత్రలకు పేరు మోసినవాడు. వన్ పీస్‌లో ఉసోప్, ఇనుయాషాలో ఇనుయాషా ఆయనే. అలాంటి నటుడిని తెచ్చి దాదాపు చదునుగా మాట్లాడించారు. చదును అంటే జీవం లేకపోవడం కాదు. ఎల్ మాట మధ్యలో ఆగే చోట్లు వింతగా ఉంటాయి. నోట్లో తీపి ముక్క ఉన్నట్టు మాట నెమ్మదిగా మొదలై, అసలు అనుమానం దగ్గరికొచ్చేసరికి ఉన్నట్టుండి తిన్నగా పోతుంది. అనుమానం శాతాల్లో చెప్పేటప్పుడు కూడా వాతావరణ సూచన చదివినట్టే చదువుతాడు. 25వ ఎపిసోడ్‌లో వాన సీన్ దగ్గర మాత్రం ఆ చదునులోకి అలసట దిగుతుంది, వాల్యూమ్ పెంచకుండానే.

ఇంగ్లిష్ డబ్బింగ్ వాంకూవర్‌లోని ఓషన్ గ్రూప్ చేసింది. లైట్‌గా బ్రాడ్ స్వైల్, ఎల్‌గా అలెసాండ్రో జులియాని. మిగతా సిరీస్‌ల డబ్బింగ్ కంటే ఇది బాగుందని అభిమానులు ఎందుకంటారో పని జరిగే పద్ధతి చూస్తే అర్థమవుతుంది. జపాన్‌లో నటులు సాధారణంగా ఒకే గదిలో, స్క్రిప్ట్ చేతిలో పట్టుకుని, వంతులవారీగా మైకు ముందుకొచ్చి చెబుతారు. ఎదుటివాడి డైలాగ్ చెవిన పడుతుంటే తన డైలాగ్ పుడుతుంది. ఇంగ్లిష్‌లో ఎక్కువగా ఒక్కొక్కరే బూత్‌లో నిలబడతారు. మూడు బీప్‌లు వినపడతాయి, నాలుగోది పడాల్సిన చోట మాట మొదలుపెట్టాలి. పైగా బొమ్మ నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే అంతసేపే మాట ఉండాలి. యానిమేలో నోటికి మామూలుగా మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది అని మూడు ఆకారాలే ఉంటాయి కాబట్టి అక్షరం కలవక్కర్లేదు, నిడివి కలిస్తే చాలు. అది కలవకపోతే రచయిత వాక్యంలో అనవసరపు మాటలు కూరుస్తాడు, నటుడు పరుగెడతాడు. చెడ్డ డబ్బింగ్ అని మనం తిట్టుకునేది చాలాసార్లు ఇదే.

డెత్ నోట్‌లో మనసు మాటలకు నోరు కదలదు. అంటే స్వైల్‌కి ఆ కొలత బాధ సగం తప్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నొక్కాలో తనే తేల్చుకోగలిగాడు. అతని లైట్ మియానో అంత ఉన్మాది కాదు. క్లాస్ ఫస్టు వచ్చేవాడి పొగరు ఎక్కువ, కోపం చల్లగా ఉంటుంది. ఆ వ్యాఖ్యానం సిరీస్ మొదటి సగానికి చక్కగా సరిపోతుంది. తేడా కొట్టేది రెండు చోట్ల. జ్ఞాపకం పోయిన లైట్‌కీ ముందటి లైట్‌కీ మధ్య దూరం సరిపోలేదు. 37వ ఎపిసోడ్‌లో దొరికిపోయాక వచ్చే నవ్వు కూడా అంతే. మియానో ఆ నవ్వుని సన్నగా మొదలుపెట్టి ఊపిరి అందనంత దూరం లాక్కెళతాడు, స్వైల్‌ది ఓడినవాడి కోపపు నవ్వుగానే ఉండిపోతుంది. జులియాని ఎల్ మాత్రం ఒరిజినల్‌కి ఎక్కడా తీసిపోడు. ఆ పొడిపొడి, నిద్రమొహం గొంతు ఇంగ్లిష్‌లో ఇంకా వెటకారంగా పలుకుతుంది. నోరు కదిలే సీన్లలోనూ పరుగు వినపడనివ్వలేదు. ఇద్దరిలో మంచి నటన ఎవరిదంటే ఎల్ వైపే మొగ్గుతాం.

నోట్‌బుక్‌ని భూమ్మీద పడేసిన మృత్యుదేవుడు ర్యూక్ పాత్రకి జపాన్‌లో కబుకి (అక్కడి సంప్రదాయ నాటకం) నటుడు షిదో నకమురాని పెట్టారు. రంగస్థలం మీద అలవాటైన గొంతు, మాట సాగదీసే తీరు, గొంతులోపలే తిరిగే నవ్వు. ఆపిల్ కోసం పడే ఆత్రంలో కూడా మనిషితనం రానివ్వడు. ఇంగ్లిష్‌లో బ్రయాన్ డ్రమ్మండ్ గరగర ఎక్కువ పెట్టాడు. బాగుంటుంది, కానీ కాస్త కార్టూన్ దెయ్యం వాసన వస్తుంది.

చిన్న పాత్రల్లో నవోయా ఉచిదా చేసిన లైట్ తండ్రి సోయిచిరో మా లెక్కలో అందరికన్నా ముందుంటాడు. 29వ ఎపిసోడ్‌లో కొడుకు కిరా కాదని తేలిందన్న తృప్తితో చనిపోతాడు. ఆ మాటల్లో నొప్పి కన్నా నిశ్చింత ఎక్కువ వినపడుతుంది, మనకు నిజం తెలుసు కాబట్టి గుండె పిండేస్తుంది. లైట్ తరఫున నోట్‌బుక్‌లో పేర్లు రాసే మికామిగా మసాయా మత్సుకజె 'సకుజో, సకుజో' (తొలగింపు) అంటూ కలం గీతకో మాట చొప్పున పెంచుకుంటూ పోయే సీన్ ఒక్కసారైనా జపనీస్‌లో వినాలి. చివర్లో కిరా కేసు పోలీసు మత్సుదా తుపాకీ పేల్చే చోట ర్యో నైటో గొంతు చీలిపోతుంది. అప్పటిదాకా నవ్వించిన పాత్ర అది. లైట్‌ని ప్రేమించే మీసాగా అయ హిరానో ముద్దుమాటలు కొందరికి విసుగు తెప్పిస్తాయి, మీసాని ఎల్ బంధించిన ఎపిసోడ్లలో మాత్రం ఆమె గట్టిగానే చేసింది.

ఎల్ పోయాక సిరీస్ జారిందని అందరూ అనేదే. గొంతుల్లో కూడా ఆ లోటు ఉంది. ఎల్ స్థానంలోకి వచ్చే నియర్‌గా చేసిన నోరికో హిదాకా పెద్ద నటి. రాన్మా అనే పాత సిరీస్‌లో యమగుచి సరసన అకానె ఆమే, కాబట్టి ఎల్ వారసత్వం ఆమె చేతికి రావడం జపాన్ అభిమానులకు సరదాగా అనిపించి ఉండాలి. కానీ ఎల్ చదునులో ఉన్న విరుపులు నియర్ చదునులో లేవు, అదే పాటని ఒక్క స్వరంలో పాడినట్టుంటుంది. ఇంగ్లిష్‌లో క్యాథీ వెసెలక్‌కీ అదే ఇబ్బంది, తప్పు రాతలోనే ఉందనిపిస్తుంది. ఎల్ ఇంకో వారసుడు మెల్లోగా నోజోము ససాకి బాగా మండాడు, ఉన్నదే కాసేపు.

డబ్బింగ్ అనగానే మొహం చిట్లించే సబ్‌టైటిల్ అభిమానులు మనలోనూ ఉన్నారు. అరుంధతిలో సోనూ సూద్ మొహానికి రవిశంకర్ గొంతు అతికిస్తేనే పశుపతి పుట్టాడని తెలిసిన ప్రేక్షకులం, ఆ పట్టింపు మనకెందుకు? మొదటిసారి జపనీస్‌లో చూడండి. రెండోసారి 1 నుంచి 16 దాకా ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు, 17 నుంచి మళ్లీ జపనీస్‌కి రండి.

ఫోన్ స్పీకర్ మీద చూడొద్దు. ఎల్ గొంతులోని కింది శ్రుతి, లైట్ ఊపిరి రెండూ నేపథ్యంలోని బృందగానం కింద కొట్టుకుపోతాయి. టీవీలో నైట్ మోడ్ లాంటివి ఉంటే ఆపేయండి, అవి గుసగుసనీ అరుపునీ ఒకే మట్టానికి తెస్తాయి. జపనీస్ ఆడియోకి సబ్‌టైటిల్స్ ఎంచుకునేటప్పుడు సీసీ (వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం రాసేది) అని ఉన్నది వద్దు, అది చాలాసార్లు ఇంగ్లిష్ డబ్బింగ్ డైలాగునే రాసి ఉంచుతుంది. వినేదొకటి, చదివేదొకటి అవుతుంది. రెండు భాషలూ పోల్చాలనుకుంటే 7వ ఎపిసోడ్ చివరి ఐదు నిమిషాలు చాలు, ఒకసారి అలా, ఒకసారి ఇలా.