సైగలను కంప్యూటర్‌లో రాయడం: సైన్‌పడిల్‌తో నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రాలు బధిర పిల్లలకు చదువు చెప్తాను. వాళ్లకిచ్చే పాఠాల కాగితాల కోసం చాలాకాలంగా సైన్‌పడిల్ వాడుతున్నాను. సైగలను లిపిలో కూర్చి, నిఘంటువుగా దాచుకునే వెబ్‌సైట్ అది. సైగను వీడియోలో చూపించడం తేలికే. కానీ పిల్లలు నోట్‌బుక్‌లో రాసుకోవాలన్నా, రాసింది నేను దిద్దాలన్నా లిపి ఉండాలి. వాలరీ సటన్ 1974లో రూపొందించిన సైన్‌రైటింగ్ అలాంటి లిపి. అంతకుముందు ఆవిడ నృత్యాన్ని రాసే పద్ధతి తయారుచేశారు, ఇది దాన్నుంచే వచ్చింది.

సైన్‌పడిల్‌లో సైగ మొత్తం ఒకే గడిలో ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ముఖం ఎక్కడ, చెయ్యి దానికి ఎంత దూరంలో, కదలికను చూపే బాణం ఎటు, అన్నీ ఒకేసారి కనబడాలి. గుర్తును మౌస్‌తో లాగి కావలసినచోట పెడతాం, తిప్పుతాం. చేతి గుర్తు తెల్లగా ఉంటే అరచెయ్యి మనవైపు ఉన్నట్టు, నల్లగా ఉంటే చేతి వెనకవైపు, సగం సగం ఉంటే చెయ్యి పక్కకి తిరిగినట్టు. ఇక్కడ ఒక్క క్లిక్ తేడా వచ్చినా సైగ మారిపోతుంది. అందుకే ప్రింట్ తీసేముందు పెద్ద పిల్లలచేత చదివిస్తాను. వాళ్లు కాగితం చూస్తూ చెయ్యి తిప్పి చూసి తప్పు పట్టేస్తారు!

టెన్షన్ అంతా పాఠాన్ని మామూలు వర్డ్ ప్రాసెసర్‌లోకి తెచ్చేటప్పుడే. కంప్యూటర్లన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించడానికి వాడే ప్రమాణం యూనికోడ్. 2015లో దాని 8.0 వెర్షన్‌లో ఈ లిపికి 672 క్యారెక్టర్లు చేరాయి. అవి ఏ గుర్తో చెప్తాయి తప్ప గడిలో ఎక్కడ ఉండాలో చెప్పవు. ఆ స్థానాలను అంకెల్లో దాచే పద్ధతి ఫార్మల్ సైన్‌రైటింగ్‌లో, అంటే ఈ లిపిని కంప్యూటర్ కోసం మామూలు అక్షరాలు, అంకెలతో రాసే రూపంలో ఉంది, కానీ మామూలు వర్డ్ ప్రాసెసర్‌కి అది అర్థం కాదు. దాంతో సైగలను బొమ్మలుగా అతికిస్తాను, ఒక్క వేలు మార్చాలన్నా మళ్లీ మొదటికే. పైగా సైగలు పైనుంచి కిందికి నిలువు వరుసల్లో నడుస్తాయి, తెలుగు అడ్డంగా. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన సాగే ఎడిటర్ కావాలి. నా దృష్టిలో డిజైన్ చేసేవాళ్లు ముందు తేల్చాల్సింది ఇదే.

కొత్త సైగ కూర్చడానికి టైమ్ పడుతుంది. కూర్చిన సైగను నిఘంటువులో దాచుకుంటే మాత్రం తర్వాతి పని చకచకా సాగుతుంది. విజయవాడ నుంచి వచ్చే పిల్లల సైగ వేరుగా ఉంటే రెండూ దాస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫోన్‌తో కాకుండా మౌస్ ఉన్న కంప్యూటర్‌తో మొదలుపెట్టండి, తరగతిలో రోజూ వాడే సైగలే ముందు కూర్చుకోండి.