బాక్స్‌ఎన్ వ్యాగన్ డీటెయిలింగ్ సెట్లు కొనేవారు జాగ్రత్త: కాస్నబ్ పేరుతో అమెరికన్ బోగీలు అంటగడుతున్నారు

హెచ్ఓ స్కేల్‌లో (అసలులో 87వ వంతు సైజు మోడల్) మన గూడ్స్ రేక్, అంటే వ్యాగన్ల వరుస, తయారు చేసుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. సోషల్ మీడియాలో ఫొటోలు పెట్టి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే ఒక అమ్మకందారు దగ్గర బాక్స్‌ఎన్ (బొగ్గు మోసే, పైకప్పు లేని వ్యాగన్) మోడల్ పార్టుల సెట్లు తెప్పించాను. కాస్నబ్ బోగీలు (వ్యాగన్ కింద చక్రాలుండే ఫ్రేములు), కప్లర్లు (వ్యాగన్లను కలిపే కొక్కేలు), బ్రేక్ సామాను, డెకాల్స్ (నంబర్లు, అక్షరాల స్టిక్కర్లు) అన్నీ రైల్వే డిజైన్ సంస్థ ఆర్‌డీఎస్‌ఓ డ్రాయింగ్ ప్రకారమే చేశామని చెప్పి, డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. తీరా వచ్చినవి బాక్స్‌ఎన్ పార్టులు కావు.

ముందు బోగీల సంగతి. కాస్నబ్ వీల్‌బేస్, అంటే రెండు ఇరుసుల మధ్య దూరం, 2,000 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 23 మి.మీ. రావాలి. కాలిపర్ పెట్టి చూస్తే 20 కూడా లేదు. అసలు చక్రం వ్యాసం 1,000 మి.మీ. కాబట్టి మోడల్‌లో 11.5 ఉండాలి, వచ్చింది 9.6. అమెరికా 70 టన్నుల బోగీకి, వాళ్ల 33 అంగుళాల చక్రానికి సరిగ్గా సరిపోయే కొలతలివి. రెండూ మూడు ముక్కల పోత ఉక్కు బోగీలే కావడంతో ఫొటోలో తేడా పట్టుకోవడం కష్టం. బిగించాక మాత్రం వ్యాగన్ దాదాపు ఒక మిల్లీమీటరు కిందికి దిగిపోతుంది, పక్క వ్యాగన్ కప్లర్‌తో ఎత్తు కలవదు.

సెట్‌లో సైడ్ బఫర్లు (వ్యాగన్ చివర రెండు పక్కలా తాకిడిని ఆపేవి) కూడా ఉన్నాయి! బాక్స్‌ఎన్‌కు మధ్యలో ఉండే సెంటర్ బఫర్ కప్లర్ తప్ప పక్క బఫర్లు ఉండవు. సింగరేణి బొగ్గు రేక్ ఒక్కటి గేటు దగ్గర నిలబడి చూసినవాళ్లకైనా ఈ సంగతి తెలుస్తుంది.

డెకాల్స్ మీద నంబర్లు కూడా నోటికొచ్చినవే. మన వ్యాగన్ నంబరులో 11 అంకెలుంటాయి: రకానికి రెండు, సొంతదారు రైల్వేకు రెండు, తయారైన సంవత్సరానికి రెండు, వరుస సంఖ్యకు నాలుగు, చివరిది చెక్ డిజిట్. మొదటి పదింటిలో సరి స్థానాల అంకెల మొత్తాన్ని మూడుతో గుణించి, బేసి స్థానాల మొత్తం కలపండి. దానికి ఎంత కలిపితే పదితో భాగింపబడుతుందో అదే చెక్ డిజిట్. ఉదాహరణకు 3106111495 అయితే సరి స్థానాల మొత్తం 17, దాన్ని మూడుతో గుణిస్తే 51, బేసి స్థానాల మొత్తం 14, రెండూ కలిపి 65, కాబట్టి చివరి అంకె 5. నాకొచ్చిన షీటులో నేను లెక్కగట్టిన ఏ నంబరూ సరిపోలేదు.

పార్టులు ప్రింట్ చేసిన రెజిన్ కూడా సరిగా క్యూర్ చేయలేదు, అంటే పూర్తిగా గట్టిపడనివ్వలేదు. చేతికి జిగురుగా తగులుతోంది, సన్నని బ్రేక్ రాడ్లు అప్పుడే వంగిపోయాయి.

అడిగితే మొదట "స్కేల్‌లో ఆ మాత్రం తేడా మామూలే" అన్నారు. తర్వాత కస్టమ్ ఆర్డర్‌కు రిటర్న్ ఉండదన్నారు. ఆపైన నంబరు బ్లాక్ చేశారు. అర మిల్లీమీటరు తేడా అయితే నేనూ సర్దుకుంటాను. మూడు మిల్లీమీటర్లు తక్కువున్న వేరే దేశపు బోగీని మనది అని అమ్మడం మోసం. ఇంట్లో 3డీ ప్రింటర్ పెట్టుకుని నిజాయితీగా మన వ్యాగన్లు చేస్తున్నవాళ్లు కొద్దిమందే, ఇలాంటివాళ్ల వల్ల వాళ్లను కూడా జనం నమ్మడం మానేస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

కాబట్టి కంప్యూటర్ బొమ్మ చూసి డబ్బు పంపకండి. ప్రింట్ చేసిన అసలు పార్టు మీద కాలిపర్ పెట్టి తీసిన ఫొటో అడగండి. బాడీ కూడా కొంటుంటే హెడ్‌స్టాక్ (ఫ్రేము చివరి అడ్డదూలం) నుంచి హెడ్‌స్టాక్‌కు 9,784 మి.మీ., అంటే హెచ్ఓలో 112.5 ఉండాలి. 128 వస్తే అది 1:76 ఓఓ స్కేల్ సరుకు. సగం అడ్వాన్స్‌కు మించి ఇవ్వొద్దు, కొలతలు తప్పితే డబ్బు వాపసు అన్న మాట మెసేజ్‌లో రాయించుకోండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు, కొలతల ఫొటోలు దాచి ఉంచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి సెట్ ఎవరికైనా వచ్చి ఉంటే బోగీ వీల్‌బేస్ ఒకసారి కొలిచి, ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.