బొగ్గు వాషబిలిటీ మాడ్యూల్: ఒక వాడకందారు సమీక్ష

నల్లగొండ ప్రాంతంలో సున్నపురాయి ఉంది గాని బొగ్గు పొర లేదు. అయినా బొగ్గులోని బూడిద గురించి పట్టించుకోక తప్పనివాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు బట్టీల్లో కాలిన బొగ్గు బూడిద క్లింకర్‌లోనే (బట్టీలోంచి వచ్చే సిమెంటు గడ్డల్లోనే) కలిసిపోతుంది కాబట్టి, బూడిద శాతం మారినప్పుడల్లా రా మిక్స్‌లో (బట్టీకి వేసే ముడి మిశ్రమంలో) సున్నం పాళ్లు సరిచూసుకోవాలి. దామరచర్ల దగ్గరి 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి బొగ్గు బయటినుంచే రావాలి, అందులోని బూడిదకూ రవాణా ఖర్చు భరించవలసిందే. నల్లగొండలో ఉంటూ గోదావరి లోయ బొగ్గు బ్లాకులకు భూగర్భ నమూనాలు తయారుచేసే పనిలో ఉన్నాను. మా కార్యాలయం వాడుతున్న ఒక మోడలింగ్ ప్యాకేజీలోని వాషబిలిటీ భాగం, అంటే బొగ్గును కడిగి బూడిదను ఎంతవరకు తగ్గించవచ్చో లెక్కకట్టే మాడ్యూల్ గురించి ఈ సమీక్ష. లోపాలు కూడా రాయవలసి ఉంది గనుక ప్యాకేజీ పేరు చెప్పడం లేదు.

ఈ మాడ్యూల్‌కు ముడిసరుకు ఫ్లోట్ అండ్ సింక్ పరీక్ష ఫలితాలు. మన దేశంలో ఐఎస్ 13810, అంతర్జాతీయంగా ఐఎస్‌వో 7936 ఈ పరీక్షకు ప్రమాణాలు. నలగగొట్టి జల్లించిన బొగ్గును సాపేక్ష సాంద్రత (నీటితో పోల్చిన సాంద్రత) క్రమంగా పెరిగే ద్రవాల్లో ముంచి, ప్రతి ద్రవంలో తేలినదాన్ని వేరుచేసి, తూకమూ బూడిదా కడతారు. ఆ అంకెల నుంచే కర్వులు వస్తాయి. ఏ సాంద్రత దగ్గర కోస్తే (అంటే తేలినదాన్ని ఉంచుకుని మునిగినదాన్ని వదిలేస్తే) ఎంత బొగ్గు, ఎంత బూడిదతో చేతికి వస్తుందన్నది అవి చెబుతాయి. 34 శాతానికి మించి బూడిద ఉన్న బొగ్గును దూరప్రాంతపు థర్మల్ కేంద్రాలకు పంపరాదన్న నియమాన్ని కేంద్రం 2020 మేలో ఎత్తివేశాక, బొగ్గు కడగాలా వద్దా అన్నది నిబంధన చేతిలోంచి లెక్క చేతిలోకి వచ్చింది. అందువల్ల కర్వు మీద ఆధారపడటం తగ్గలేదు సరికదా పెరిగింది.

ఈ ఫలితాలను ఎక్కించే పట్టికను బుద్ధిగా రూపొందించారు. బోర్‌హోల్, పొర, సైజు, సాంద్రత అనే వరుసలో సమాచారం అమరుతుంది. 0.5 మిల్లీమీటర్ల కంటే సన్నని పొడికి వేరే గడి ఉండటం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఆ పొడిని పరీక్షలో పక్కన పెట్టి, తుది దిగుబడిలోనూ కలపడం మరిచిపోతే కాగితం మీద లాభం ఎక్కువగా కనిపిస్తుంది. భాగాల మొత్తం 100కు రాకపోయినా, భాగాల నుంచి తిరిగి కట్టిన బూడిద అసలు నమూనా బూడిదతో కలవకపోయినా మాడ్యూల్ వెంటనే ఆ వరుసను ఎర్రగా చూపుతుంది. ల్యాబ్ నుంచి వచ్చే ఎక్సెల్ పట్టికలతో పనిచేసేవాళ్లకు ఈ ఒక్క సౌకర్యమే ఎంతో శ్రమ తగ్గిస్తుంది.

ఒక పట్టికను దగ్గరగా చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. సాంద్రత 1.40 లోపు తేలిన భాగం 18 శాతం, దాని బూడిద 11 శాతం; 1.40–1.50 మధ్య 22 శాతం, బూడిద 20, 1.50–1.60 మధ్య 20 శాతం, బూడిద 29, 1.60–1.70 మధ్య 14 శాతం, బూడిద 37, 1.70–1.80 మధ్య 8 శాతం, బూడిద 45. ఆపైన మునిగినది 18 శాతం, బూడిద 68. మొత్తం బొగ్గు బూడిద 33.2 శాతం. 1.60 దగ్గర కోస్తే 60 శాతం బొగ్గు 20.3 శాతం బూడిదతో వస్తుంది. ఇంతవరకు చూస్తే ముచ్చటగానే ఉంటుంది. అయితే 1.50 నుంచి 1.70 దాకా ఉన్న భాగాలు కలిపితే 34 శాతం. కోత సాంద్రతకు అటూ ఇటూ 0.1 లోపల ఉన్న బొగ్గు 25 శాతం దాటితే బర్డ్ వర్గీకరణ ప్రకారం అది కడగడానికి అత్యంత కఠినమైన తరగతి. ఖనిజ పదార్థం బొగ్గులో సన్నగా కలిసిపోయిన మన గోండ్వానా బొగ్గుల్లో ఈ పరిస్థితి మామూలే. ఈ అంకెను కర్వు పక్కనే చూపాలి గాని, మాడ్యూల్ దాన్ని మూడో మెనూలో దాచిపెట్టింది. అది చూడకుండా దిగుబడి ఒక్కటే చూసి నివేదిక రాసేవాళ్లకు ఇది మంచి ఉచ్చు.

అసలు ఇబ్బంది ఖాళీ గడులతోనే వస్తుంది. ఒక నమూనాలో 1.40 లోపు ఏమీ తేలకపోతే దాని తూకం సున్నా, బూడిదకు విలువే ఉండదు. దిగుమతి సమయంలో మాడ్యూల్ ఆ బూడిద గడిలో కూడా సున్నా వేస్తుంది. రెండు నమూనాలను పొరగా కలిపేటప్పుడు తూకం ప్రకారం సగటు కడితే నష్టం లేదు. మామూలు సగటు ఎంచుకుంటే 11 కాస్తా 5.5 అవుతుంది. డిఫాల్ట్‌గా ఉన్నది మామూలు సగటే. ఇంత ఖరీదైన సరుకులో ఈ పద్ధతిని ముందుగా పెట్టడానికి ఏ సమర్థనా నాకు కనిపించలేదు. వాడేవాళ్లు నమూనా మందాన్ని దాని సాంద్రతతోనూ, ఆ భాగం తూకం శాతంతోనూ గుణించిన తూకాన్ని తప్పక ఎంచుకోవాలి.

కర్వు గీతలోనూ ఇలాంటి మెలికే ఉంది. మొదట వచ్చే క్యూబిక్ స్ప్లైన్ (బిందువులను వంపుగీతతో కలిపే పద్ధతి) నునుపుగా కనిపిస్తుంది గాని, మధ్య సాంద్రతల్లో బొగ్గు దాదాపు లేకుండా నేరుగా రాయి వచ్చే పొరల్లో గీత పైకి లేచి మళ్లీ దిగుతుంది. సాంద్రత పెరిగితే తేలే మొత్తం తగ్గడమన్నది జరగని పని. వెనక్కి తగ్గని రకం ఇంటర్‌పొలేషన్ (బిందువుల మధ్య విలువలు కట్టే పద్ధతి) కూడా ఇచ్చారు, దాన్నే వాడాలి. గ్రిడ్లు వేసేటప్పుడు, అంటే బోర్‌హోల్‌ల విలువలను బ్లాకు మొత్తానికి గళ్లుగా పరిచేటప్పుడు, సంచిత దిగుబడులను (ఒక్కో సాంద్రత వరకు తేలిన మొత్తాలను) విడివిడిగా గ్రిడ్ చేస్తే రెండు బోర్‌హోల్‌ల నడుమ 1.60 దిగుబడి 1.70 దిగుబడిని మించిపోయే ప్రమాదం ఉంటుంది. ప్రతి భాగం తూకాన్నీ, తూకంతో గుణించిన బూడిదనూ గ్రిడ్ చేసి, తర్వాత భాగాలను 100కు సరిపెట్టి కర్వు కట్టే వెసులుబాటు ఈ మాడ్యూల్‌లో ఉంది, అది బాగా పనిచేస్తుంది. నా దృష్టిలో డబ్బు పెట్టదగిన భాగం ఇదే.

బొగ్గు కడిగే ప్లాంటు (వాషరీ) నిజంగా ఇచ్చే దిగుబడి కోసం పార్టిషన్ కర్వు కలిపే గడి కూడా ఉంది; ఒక్కో సాంద్రత ఉన్న బొగ్గులో ఎంత శాతం శుభ్రమైన బొగ్గు వైపు వెళుతుందో ఆ కర్వు చూపుతుంది. ఆ కర్వు మీద 75, 25 శాతాల దగ్గరి సాంద్రతల తేడాలో సగమైన ఈపీ విలువను (యంత్రం కోతలో ఎంత పొరబడుతుందో చెప్పే అంకెను) అందులో వేయాలి. దాన్ని సున్నాగా వదిలేస్తే వచ్చేది ల్యాబ్ దిగుబడే గాని వాషరీ దిగుబడి కాదు. కడగడానికి కఠినమైన బొగ్గులో ఆ రెంటికీ అంతరం పెద్దదే ఉంటుంది. బొగ్గు కడిగే యంత్రాలైన జిగ్‌కూ హెవీ మీడియా సైక్లోన్‌కూ వేరువేరు ఈపీలు వేసి ఒకే పొర మీద పోల్చి చూసుకోవచ్చు.

సహాయక సేవ మర్యాదగానే ఉంది గాని, ఫోను ఎత్తేవాళ్లకు సాఫ్ట్‌వేర్ తెలిసినంతగా బొగ్గు తెలియదు. నెలవారీ అద్దె ఒక చిన్న కన్సల్టెన్సీకి బరువే. లైసెన్సు గడువు తీరాక ప్రాజెక్టు తెరుచుకోదు గనుక, వాషబిలిటీ పట్టికలను ముందుగానే సీఎస్‌వీ ఫైళ్లుగా బయటికి తీసి పెట్టుకోవాలి. ఆ ఎగుమతిలో సైజు, సాంద్రతల హద్దులు చెక్కుచెదరకుండా వస్తున్నాయి.